మంచులో సైకిల్: ఓరుగల్లు నుంచి చలిదేశాలకు పోయేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊరుంది. అక్కడ నాలుగు చలికాలాలు సైకిల్ మీదే తిరిగాను, మొదట యూనివర్సిటీకి, తర్వాత ఆఫీసుకు. ఇప్పుడు హనుమకొండకు వచ్చేశాను. ఏటా వీసాలు వచ్చే టైముకు ఫిన్లాండ్, స్వీడన్, జర్మనీ, కెనడా పోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కారు గురించి మాత్రం అడగొద్దు, నాకు నడపడం రాదు.

అంత మంచులో నిజంగా సైకిల్ తొక్కుతారా, లేక మీరొక్కరే తొక్కారా?

నేను దిగిన మొదటి వారం నాకూ ఇదే అనుమానం. ఔలు 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది, ఆర్కిటిక్ వలయానికి కొంచెం కింద. జనవరి సగటు మైనస్ 10 దగ్గర. అట్లాంటి ఊళ్లో పొద్దున ఎనిమిదింటికి, ఇంకా చీకటిగా ఉండగానే, బడి పిల్లలు వీపున బ్యాగులతో, డెబ్బై ఏళ్ల ముసలమ్మలు ముందర బుట్టలో కూరగాయలతో, మా ప్రొఫెసర్లు, అందరూ సైకిళ్ల మీదే పోతుంటారు. చలికాలపు సైక్లింగ్ మీద ప్రపంచంలో మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో ఆ ఊళ్లోనే పెట్టారు.

ఇందులో వీరత్వం ఏమీ లేదు. దారులు బాగుంటాయి, అంతే. సైకిల్ దారి కార్ల రోడ్డుకు విడిగా ఉంటుంది, పెద్ద రోడ్డు అడ్డం వస్తే దాని కింద నుంచి సొరంగంలా పోతుంది, రాత్రి మంచు పడితే జనం బయల్దేరే లోపే బండి వచ్చి ఊడ్చిపోతుంది. లిన్నన్‌మా అనే పేటలో ఉన్న యూనివర్సిటీ టౌన్ నడిమి నుంచి ఐదారు కిలోమీటర్లు. మన కాజీపేట నుంచి హనుమకొండ చౌరస్తాకు పోయినట్టే, కాకపోతే హారన్లు ఉండవు.

మైనస్ 20లో గడ్డకట్టుకుపోమా?

పోము. అందరూ చలికే భయపడతారు గానీ ఈ మొత్తం వ్యవహారంలో తేలిగ్గా తీరే సమస్య అదే. సైకిల్ తొక్కేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. నిజం చెప్పాలంటే మొదటి చలికాలంలో నేను చలికంటే చెమటతోనే ఎక్కువ ఇబ్బందిపడ్డాను. అమ్మ పంపిన రెండు స్వెట్టర్లు, లోపల కాటన్ బనియన్, పైన దూదిబస్తా లాంటి జాకెట్ వేసుకుని మూడు కిలోమీటర్లు తొక్కేసరికి లోపలంతా తడిసిపోయేది, క్లాసులో కూర్చున్నాక ఆ తడి చల్లబడి వణుకు పట్టేది. గుమ్మం దాటేటప్పుడు కొంచెం చలిగా అనిపిస్తే బట్టలు సరిపోయినట్టు. ఇంట్లోనే వెచ్చగా ఉంటే ఒకటి తీసేయండి.

ఒంటికి తగిలే బట్ట కాటన్ కాకూడదు, పల్చటి ఉన్నిదో, ఆటగాళ్లు వేసుకునే సింథటిక్‌దో ఉండాలి. మధ్యలో ఒక ఉన్ని స్వెట్టర్. పైన లావు జాకెట్ అక్కర్లేదు, గాలి ఆపే పల్చటిది చాలు.

మొండెం సంగతి అయిపోయింది. బాధంతా చివర్లలోనే: చేతివేళ్లు, కాలివేళ్లు, చెవులు, ముక్కు. మైనస్ 10 ఉన్న రోజు గంటకు 20 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 18 ఉన్నట్టు తగులుతుంది, సైకిల్ తొక్కుతుంటే ఆ గాలిని మనమే పుట్టిస్తాం. ఈ గాలి లెక్క మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉందని కెనడా వాతావరణ శాఖ పట్టికల్లో ఉంటుంది. అందుకే అయిదు వేళ్ల గ్లౌజులు కాకుండా వేళ్లన్నీ కలిసి ఉండేవి కొనండి, వేళ్లు ఒకదానికొకటి వేడి ఇచ్చుకుంటాయి. ఇంకా చలిగా ఉంటే హ్యాండిల్‌కే తొడిగే పెద్ద తొడుగులు దొరుకుతాయి, చేతులు వాటిలో పెట్టి తొక్కడమే. చూడ్డానికి వింతగా ఉంటుంది, రెండో రోజుకు ఎవరు నవ్వినా పట్టదు. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి, బిగుతుగా ఉంటే రెండు జతల సాక్సులు వేసినా కాళ్లు మొద్దుబారతాయి.

మంకీ క్యాప్ పనికొస్తుందా అని అడుగుతారు. పనికొస్తుంది. హెల్మెట్ కింద పట్టేంత పల్చటిదైతే దాన్ని మించింది లేదు. మన దగ్గర డిసెంబర్‌లో తాతలు పెట్టుకుంటే నవ్వుకుంటాం, అక్కడ అదే వస్తువు స్పోర్ట్స్ షాపులో ముప్పై యూరోలు.

చలికి కాకపోతే దేనికి భయపడాలి?

జారడానికి. ఇది అర్థం కావాలంటే ముందు మన భాషలో ఉన్న ఒక చిక్కు చెప్పాలి.

మనకు అన్నింటికీ మంచు అనే ఒక్క మాటే. పొద్దున గడ్డి మీద మెరిసేది మంచు, హైవే మీద కళ్లకు అడ్డం పడేది పొగమంచు, హిమాలయాల మీద తెల్లగా ఉండేది మంచు, ఫ్రిజ్‌లో గట్టిగా ఉండేదీ మంచుగడ్డే. మా ఇంట్లో ఇగం అనే మాట కూడా ఉంది, అయితే అది ఎముకలు కొరికే చలికి. మన బతుకుకు ఇవి చాలు. కానీ సైకిల్ చక్రానికి చాలవు. ఫిన్లాండ్ వాళ్లు పడే మంచును లుమి అంటారు, గడ్డకట్టిన నీటిని యా అంటారు, సగం కరిగి బురదలా ఉన్నదాన్ని లోస్కా అంటారు, వానా మంచూ కలిసి పడితే ర్యాంతా, తొక్కీ తొక్కీ సిమెంటులా గట్టిపడిన మంచు పొలన్నె. వీటిలో ఒక్కోదాని మీద చక్రం ఒక్కోలా నడుస్తుంది, కాబట్టి ఆ మాటలు నేర్చుకోవడం భాష కోసం కాదు, మోకాళ్ల కోసం.

కొత్తగా పడిన పొడి మంచు, అరచేయి మందం దాకా, సమస్యే కాదు. పిండిలో తొక్కినట్టు మెత్తగా, కొంచెం బరువుగా ఉంటుంది. గట్టిపడిన పొలన్నె మైనస్ 15లో దాదాపు మట్టిరోడ్డులాంటిదే, చక్రం కింద కరకరమంటుంది, పట్టు బాగానే ఉంటుంది. ఇది వినగానే ఎవరూ నమ్మరు గానీ చలి ఎంత పెరిగితే మంచు అంత తక్కువ జారుతుంది. దొంగ వాతావరణమంతా సున్నా చుట్టుపక్కలే. మధ్యాహ్నం ప్లస్ 2కు వచ్చి పైపైన కరిగి, సాయంత్రం మళ్లీ మైనస్ 3కు పడితే, ఆ నీళ్లన్నీ అద్దంలా గడ్డకడతాయి. ఆ అద్దం మీద రాత్రి రెండు వేళ్ల కొత్త మంచు పడిందా, ఇక పైకి కనపడేది తెల్లటి దుప్పటి, కింద ఉన్నది నాచు పట్టిన చెరువు మెట్టు. నాచు మెట్టు మీద చిన్నప్పుడు ఒక్కసారైనా పడనివాళ్లు మన ఊళ్లలో ఉండరు, ఆ జ్ఞాపకం ఒక్కటి తోడు తీసుకుపోండి.

వంతెనల మీద ఇంకొంచెం జాగ్రత్త. కింద నేల వేడి ఉండదు, పైనా కిందా గాలే, కాబట్టి రోడ్డు తడిగా ఉన్నప్పుడే వంతెన గడ్డకట్టి ఉంటుంది.

మేకుల టైర్లు తప్పనిసరా? మామూలు మౌంటెన్ బైక్ టైర్లు సరిపోవా?

సరిపోవు. పెద్ద గాడులున్న టైరు మెత్తటి మంచులో బాగా నడుస్తుంది, గట్టి ఐస్ మీద దాని గాడులకు దొరికేదేమీ లేదు, రబ్బరు రబ్బరే. మేకుల టైరంటే రబ్బరులో చిన్న చిన్న మేకులు గుచ్చి ఉంటాయి, వాటి మొన టంగ్‌స్టన్ కార్బైడ్‌ది, అరగడం చాలా నెమ్మది. ఆ మొనలు ఐస్‌లోకి దిగి పట్టుకుంటాయి. తారు మీద పోతుంటే వాన పడ్డట్టు చిటచిటమని చప్పుడు, మొదట చిరాకు, తర్వాత అది వినపడకపోతేనే భయం.

నా సలహా: అద్దెకు, అన్నానికి పోగా మిగిలిన మొదటి డబ్బు ఈ టైర్లకే పెట్టండి. ఒక్కోటి సుమారు 40 నుంచి 70 యూరోలు ఉంటుంది. రెండింటికీ లేకపోతే ఒక్కటి కొని ముందర చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతుంది, సర్దుకోవచ్చు. ముందర చక్రం జారిందా, జారిందని తెలిసేలోపే మీరు కింద ఉంటారు. నేను తెలివి ఎక్కువై పాత మేకుల టైరు ఒకటి చౌకగా దొరికితే, బరువంతా వెనకే కదా పడేది అని వెనక్కి వేసుకున్నాను. నవంబర్ పద్దెనిమిదో తారీఖు, అండర్‌పాస్‌లోకి దిగే వంపు దగ్గర. తారీఖు ఎందుకు గుర్తుందంటే ఎడమ మోచేయి ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

కొత్త టైర్లు వేశాక మొదటి 40 కిలోమీటర్లు నిదానంగా, తారు మీద తొక్కమని ష్వాల్బే లాంటి కంపెనీలే చెబుతాయి. గట్టిగా బ్రేకు కొట్టకుండా, ఎగబడకుండా తొక్కితే మేకులు రబ్బరులో కుదురుకుంటాయి, లేకపోతే ఊడిపోతాయి. అక్టోబర్‌లోనే కొనండి. మొదటి మంచు పడ్డ రోజు షాపు ముందు లైను చూస్తే మన దగ్గర యూరియా లైను గుర్తొస్తుంది.

ఒక ముచ్చట. ప్రపంచంలో మొదటి చలికాలపు టైరు తయారైంది ఫిన్లాండ్‌లోనే, 1934లో, లారీల కోసం. చేసిన కంపెనీ నోకియన్, అది ఉన్న ఊరి పేరు నోకియా. మన చేతుల్లో టార్చిలైటు వెలిగిన ఆ 1100 ఫోను కంపెనీకీ ఈ టైర్లకూ మూలం ఒకటే, రబ్బరు ఫ్యాక్టరీ, కేబుల్ ఫ్యాక్టరీ, కాగితపు మిల్లు కలిసి 1967లో ఒక్క నోకియా అయ్యాయి, టైర్లు తర్వాత విడిపోయాయి.

గాలి ఎంత కొట్టాలి?

మామూలు కంటే తక్కువ. టైరు కొంచెం మెత్తగా ఉంటే ఎక్కువ మేకులు నేలకు తగులుతాయి. టైరు పక్కన కనీసం ఎంత ఉండాలో రాసి ఉంటుంది, దానికి కాస్త పైన ఉంచండి. ఇంకో సంగతి, ఇరవై డిగ్రీల గదిలో 60 కొట్టి మైనస్ 10లోకి తీసుకుపోతే అదే గాలి 52 దగ్గరకు పడిపోతుంది. పంక్చర్ అయిందని టెన్షన్ పడొద్దు, చలికి గాలి ముడుచుకుంది, అంతే.

ఇక్కడి నుంచే మంచి సైకిల్ కొని తీసుకుపోవచ్చా?

వద్దు. విమానం లగేజీకి పెట్టే డబ్బుతో అక్కడ సెకండ్‌హ్యాండ్ సైకిల్ వస్తుంది.

అక్కడ ఎలాంటిది కొనాలి?

పాతది, బరువైనది, గేర్లు తక్కువున్నది. మీరు దాన్ని ఆరు నెలలు మంచులో నానబెట్టబోతున్నారు. ఫిన్లాండ్‌లో పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే పాతకాలం సైకిళ్లు బోలెడు దొరుకుతాయి. మొదటి రోజు అలవాటులో వెనక్కి తొక్కి అక్కడికక్కడే ఆగిపోతారు, నేనూ ఒక పెద్దావిడను దాదాపు గుద్దేశాను. కానీ మంచుకు అదే రాజా. బ్రేకు చక్రం మధ్యలో హబ్బు లోపల ఉంటుంది కాబట్టి మంచు తగలదు, గడ్డకట్టడానికి వైరే ఉండదు. రిమ్ముకు రబ్బర్లు నొక్కే బ్రేకులైతే రిమ్ము మీద తడి మంచు పట్టుకుని, నొక్కిన మొదటి రెండు మూడు సెకన్లు ఏమీ జరగదు, ఆ రెండు సెకన్లే ప్రాణం మీదికి తెస్తాయి. డిస్క్ బ్రేకు ఉంటే మంచిదే.

మడ్‌గార్డ్ తప్పకుండా ఉండాలి, అయితే టైరుకు మడ్‌గార్డ్‌కు మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. లేకపోతే మంచు కూరుకుపోయి చక్రం తిరగదు.

మంచు మీద తొక్కడానికి ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఏమన్నా ఉందా? వరంగల్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా?

చేయొచ్చు, నవ్వకండి. కోతలప్పుడు ఊరి రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి కదా. వాటి మీదికి సైకిల్ పోయినప్పుడు ఏం చేసేవాళ్లు? ముందే నెమ్మదించి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు ముట్టుకోకుండా, కాళ్లు ఆపకుండా నిటారుగా దాటేసేవాళ్లు. మధ్యలో బ్రేకు కొట్టినవాడు మక్కల మీద బోర్లా. ఐస్ మీద చేయాల్సిందీ అదే, ఒక్క ముక్క ఎక్కువ లేదు. బ్రేకు, మలుపు రెండూ ఒకేసారి చేయకూడదు. వంపు రాకముందే వేగం తగ్గించుకుని, వంపులో సైకిల్‌ను వాల్చకుండా తిప్పాలి. వెనక బ్రేకు మెల్లగా, ముందర బ్రేకు తారు కనపడిన చోట మాత్రమే.

ఇదంతా విని పనిగట్టుకుని రైతు వడ్ల మీద ప్రాక్టీస్‌కు పోకండి, తిట్లు మీవే. వానాకాలంలో ఎర్రమట్టి బాట, రోడ్డంచున పేరుకున్న ఇసుక, నల్లరేగడి బురద, ఇవి చాలు. ఇసుకలో హ్యాండిల్ తనంతట తానే అటూ ఇటూ పోతుంటే దాన్ని గట్టిగా పట్టి ఆపకుండా కొంచెం వదిలేయడం అలవాటైతే, తొక్కి వదిలిన మంచు గాడుల్లో సగం పని అయిపోయినట్టే. గుప్పిట బిగించినవాడే పడతాడు.

సీటు ఒక అంగుళం దించుకోండి, రెండు పాదాలూ నేలకు అందుతాయి. స్టైల్ కోసం ఎత్తులో పెట్టుకునే రోజులు జూన్‌లో వస్తాయి.

పడితే?

పడతారు. మొదటి చలికాలంలో నేను ఏడుసార్లు పడ్డాను, నాలుగో దాంట్లో ఒక్కసారి. చెయ్యి చాపి నేలను ఆపాలని చూడొద్దు, మణికట్టు విరిగేది అక్కడే. హ్యాండిల్ వదలకుండా సైకిల్‌తోపాటే పక్కకు ఒరగండి, తొడ, భుజం మీద పడితే లావు బట్టలు కాపాడతాయి. హెల్మెట్ పెట్టుకోండి, అందులో చర్చ లేదు. ల్యాప్‌టాప్ వీపున ఉంటే వెల్లకిలా పడకుండా దేవుణ్ని మొక్కుకోండి, నేను క్యారియర్‌కు పక్కన వేలాడే బ్యాగు కొన్నాకే ఆ దిగులు పోయింది.

చీకట్లో ఎలా?

డిసెంబర్ నడిమిలో ఔలులో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. పోయేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు చీకటి. ముందర తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారమే ఉండాలి. జర్మనీలో మినుకుమినుకుమనే లైటు పెట్టుకుంటే అది తప్పు, నిలకడగా వెలగాలి. చలికి బ్యాటరీ సగంలోనే చేతులెత్తేస్తుంది కాబట్టి లైటు తీసి జేబులో పెట్టుకుని క్లాసుకు పోండి, ఒకటి అదనంగా ఉంచుకోండి. కోటు అంచుకు దారంతో వేలాడే రిఫ్లెక్టర్ బిళ్ళలు అక్కడ అందరూ కట్టుకుంటారు, నడిచేవాళ్లు కూడా. మన దగ్గర నాగలి కట్టిన ట్రాక్టర్ వెనక ఒక్క రిఫ్లెక్టర్ ఉండదు, రాత్రి నర్సంపేట రోడ్డు మీద పోతుంటే నాకు అది గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

పెడల్ తొక్కుతున్నా చక్రం తిరగడం లేదు, చైన్ బాగానే ఉంది. ఏమైంది?

ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికి చైన్ పట్టే పళ్లబిళ్ల, గడ్డకట్టింది. లోపల చిన్న కొక్కేల్లాంటివి ఉంటాయి, పెడల్ తొక్కినప్పుడు అవి లేచి పళ్లను పట్టుకుంటాయి. లోపలి గ్రీజు చలికి జిగురులా మారినా, తడి చేరి గడ్డకట్టినా అవి లేవవు, మీరు గాల్లో తొక్కినట్టు తొక్కుతుంటారు. నాకు మైనస్ 24లో రాత్రి పదకొండింటికి ఇట్లా అయింది, మూడు కిలోమీటర్లు తోసుకుంటూ ఇంటికి.

కారణం చలి ఒక్కటే కాదు, నా తెలివి కూడా. సైకిల్‌ను పాపం అని రోజూ రాత్రి మెట్ల కింద వెచ్చటి చోట పెట్టేవాణ్ని. అక్కడ మంచు కరిగి నీరై లోపలికి జారేది, పొద్దున బయటికి తీయగానే గడ్డకట్టేది. అయితే పూర్తిగా ఆరేదాకా లోపలే ఉంచాలి, లేదంటే చలికాలమంతా బయటే వదిలేయాలి. సగం సగం పనికిరాదు. బ్రేకు వైర్లదీ, గేరు వైర్లదీ ఇదే కథ. గడ్డకట్టిన దాని మీద వేడినీళ్లు పోయొద్దు, పది నిమిషాల్లో ఇంకా ఎక్కువ గడ్డకడుతుంది.

తాళం కూడా గడ్డకడుతుంది. తాళంలో కొట్టే డీఐసర్ (గడ్డ కరిగించే మందు) చిన్న సీసా దొరుకుతుంది, దాన్ని జేబులో పెట్టుకోండి, ఇంట్లో బీరువాలో కాదు. లేదా లైటర్‌తో తాళంచెవి వేడిచేసి మెల్లగా తోయండి. బలంగా తిప్పితే చెవి సగం లోపలే విరుగుతుంది, ఆ సగం నా దగ్గర ఇంకా ఉంది.

ఉప్పు చల్లితే మంచు కరుగుతుంది కదా, ఇక భయమెందుకు?

మామూలు ఉప్పు మైనస్ 10 దగ్గరకు వచ్చేసరికి దాదాపు పనిచేయడం మానేస్తుంది. అందుకే ఔలులో సైకిల్ దారుల మీద ఎక్కువగా మంచును గట్టిగా నొక్కి, పైన చిన్న కంకర చల్లుతారు. స్టాక్‌హోంలో కొన్ని సైకిల్ దారుల్లో వేరే పద్ధతి, బ్రష్షుతో మంచంతా ఊడ్చేసి వెంటనే ఉప్పునీళ్లు చల్లుతారు, నేల నల్లగా తేలుతుంది. తొక్కడానికి అది హాయి, చైన్‌కు మాత్రం చావు. ఉప్పున్న ఊళ్లో ఉంటే వారానికొకసారి చైన్ తుడిచి నూనె వేయండి, లేకపోతే ఫిబ్రవరికల్లా ఎర్రగా తుప్పు. కొబ్బరినూనె వేయొచ్చా అని ఒక తమ్ముడు అడిగాడు. మన దగ్గర డిసెంబర్‌కే సీసాలో గడ్డకట్టే నూనె అది, తమ్ముడూ.

కంకర ఉన్న ఊళ్లో ఇబ్బంది ఏప్రిల్‌లో వస్తుంది. మంచు పోయి కంకర మిగులుతుంది, పంక్చర్లు, దుమ్ము.

ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. చలికి బ్యాటరీ తక్కువ దూరం వస్తుంది. సున్నాకు కిందున్న బ్యాటరీని ఛార్జింగ్ పెట్టొద్దు, పాడవుతుంది. ఇంట్లోకి తెచ్చి, గది వేడికి వచ్చాక పెట్టాలి.

చలి ఎప్పటికి పోతుంది?

మన దగ్గర శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. అక్కడ శివరాత్రికి మంచు మోకాళ్లదాకా ఉంటుంది, రోడ్డు పక్కన ఊడ్చి పోసిన గుట్టలైతే మనిషికంటే ఎత్తు. అయితే ఫిబ్రవరి, మార్చి తొక్కడానికి మంచి రోజులు, ఎండ ఉంటుంది, దారి గట్టిగా ఉంటుంది. మార్చి చివర నుంచి పగలు కరిగి రాత్రి గడ్డకట్టే ఆట మొదలవుతుంది. ఎండ చూసి మురిసిపోయి మేకుల టైర్లు తీసేసినవాళ్లు ఏప్రిల్‌లో పడతారు. నేను పడ్డాను.

ఏ రోజు తొక్కకూడదు?

వాన పడి పడగానే గడ్డకట్టే రోజు. ఆ రోజు మేకులున్నా సరే, నడవడమే కష్టం. గాలి తుఫానుతో మంచు పడుతుంటే కూడా వద్దు, దారి అంచు కనపడదు. జ్వరమున్నప్పుడు, రాత్రంతా అసైన్‌మెంట్ రాసి నిద్ర లేనప్పుడు బస్సెక్కండి. సైకిల్ తొక్కాలని ఒట్టేమీ పెట్టుకోలేదు కదా.

మేం జర్మనీ, కెనడా పోతున్నాం, అక్కడా ఇంతేనా?

జర్మనీలో చాలాచోట్ల నెలలకొద్దీ మంచు ఉండదు, వారం పడుతుంది, వారం కరుగుతుంది. అంటే సున్నా చుట్టూ తిరిగే వాతావరణం, పైన చెప్పిన దొంగ రకం. కార్లకు మేకుల టైర్లు దాదాపు దేశమంతా నిషేధం, సైకిల్‌కు ఆ నిషేధం లేదు. కెనడాలో ఊరిని బట్టి. మాంట్రియల్‌లో 2020లో మొదలైన పెద్ద సైకిల్ దారులను చలికాలంలో కూడా ఊడుస్తారు, అద్దె సైకిళ్లు 2023 నుంచి చలికాలంలోనూ నడుపుతున్నారు. సైకిల్ దారి లేని ఊళ్లో, మంచు గుట్టలు రోడ్డును సగం మింగేసిన చోట, లారీల పక్కన తొక్కమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఇల్లు తీసుకునే ముందు క్యాంపస్ దాకా సైకిల్ దారి ఉందా లేదా చూసుకోండి, అద్దె యాభై ఎక్కువైనా ఆ ఇల్లే నయం.

మా అమ్మాయి ఒక్కతే రాత్రిపూట మంచులో సైకిల్ మీద వస్తుందంటే మాకు నిద్ర పట్టడం లేదు.

ఈ ప్రశ్న అడిగిన హనుమకొండ అమ్మకు ఫోన్లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అమ్మా, మీ అమ్మాయి ఇక్కడ స్కూటీ మీద చౌరస్తా దాటి ట్యూషన్‌కు పోయినప్పుడు మీరు ఎంత భయపడేవారో అంతకంటే ఎక్కువ భయపడాల్సిన పని లేదు. సైకిల్ దారి మీద కార్లు రావు. పడితే నెమ్మదిగా పడుతుంది. మీరు చేయగలిగింది రెండు: స్వెట్టర్లు పంపడం ఆపి ఆ డబ్బు టైర్లకు పంపండి, సైకిల్ మీద ఉండే టైములో వీడియో కాల్ చేయకండి. ఫోను ఎత్తాలంటే గ్లౌజు తీయాలి, ఒంటిచేత్తో తొక్కాలి. మా అమ్మ కాల్ ఎత్తబోయి నేను పడ్డది ఆ ఏడింటిలో ఒకటి. ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆదిలాబాద్ చలికి అలవాటుపడినవాళ్లకు తేలికేనా?

ఆదిలాబాద్ వైపు పొద్దున ఐదారు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి, అక్కడ పెరిగినవాళ్లకు చలి కొత్త కాదు. కానీ చలి ఒంటికి అలవాటైంది గానీ, జారే నేల కాలికి అలవాటు కాలేదు. ఉట్నూరు నుంచి వచ్చిన ఒకతను మైనస్ 12లో టోపీ లేకుండా తిరిగేవాడు, సైకిల్ మీద మాత్రం మా అందరికంటే ఎక్కువసార్లు పడ్డాడు, ధైర్యం ఎక్కువ కాబట్టి.

మేకుల టైర్లు తిరిగి తెచ్చుకున్నారా?

ఇక్కడ వాటితో ఏం పని? భద్రకాళి బండ్ మీద డిసెంబర్‌లో పొద్దున్నే ఉండేది పొగమంచు, దానికి లైటు చాలు. వాటిని పరకాల నుంచి వచ్చిన జూనియర్‌కు ఇచ్చి వచ్చాను. ముందర చక్రానికి రెండు మేకులు ఊడిపోయాయట, మొన్న ఫోటో పంపించాడు. మిగతావి బాగానే ఉన్నాయి, మూడో చలికాలం నడుస్తోంది.